కొత్త విద్యాశాఖ మంత్రి వచ్చారు: మన బడుల్లో మొదట చక్కబడవలసింది ఏది?

ప్రశ్న: ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు), ప్రకాశం జిల్లా (జూన్ 2024)

జూన్ 14న శాఖల కేటాయింపు జరిగి, నారా లోకేశ్ గారికి విద్యాశాఖ అప్పగించారని తెలిసినప్పటి నుంచి మా వాట్సాప్ గ్రూపుల్లో అభినందనలు, వాటి వెనకే వినతిపత్రాలు వరుసకట్టాయి. ఆదిమూలపు సురేశ్ గారు, 2022 ఏప్రిల్ నుంచి బొత్స సత్యనారాయణ గారు, ఇప్పుడు ఈయన. మంత్రి మారినప్పుడల్లా పథకాల పేర్లు మారడం మనకు అలవాటే గనుక దాని గురించి అడగడం లేదు. మూడు నుంచి ఐదు తరగతులను హైస్కూళ్లలో కలిపే ప్రభుత్వ ఉత్తర్వు, 117 జీవో, వచ్చాక మా బడిలో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. మూడు నుంచి ఐదు వరకు పిల్లలు హైస్కూలుకు వెళ్లిపోయారు. ఉన్న 17 మందికి నేనొక్కడినే. ఉదయం ముఖ హాజరు, ఆపైన మరుగుదొడ్ల ఫొటోలు, మధ్యాహ్నం కోడిగుడ్ల లెక్క, చిక్కీల లెక్క, ఇవన్నీ ఫోనులో ఎక్కించేసరికి పలక పట్టించవలసిన సమయం కరిగిపోతోంది. కొత్త మంత్రిగారిని ఒక్కటే అడిగే అవకాశం వస్తే మీరు ఏది అడుగుతారు? పార్టీల ప్రస్తావన లేకుండా చెప్పగలరని మనవి.

సమాధానం 1: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

మాస్టారూ, నేనైతే 117 జీవో గురించే అడుగుతాను. కాని ‘వెంటనే రద్దు చేయండి’ అని మాత్రం అడగను. ఆ జీవోకు జాతీయ విద్యావిధానం 2020ని ఆధారంగా చూపించారు. ఆ విధానం మూడు, నాలుగు, ఐదు తరగతులను ఒక దశగా చూడమన్నది నిజమే గాని, ఆ పిల్లలను తీసుకుపోయి హైస్కూల్లో కూర్చోబెట్టమని ఎక్కడా అనలేదు. సబ్జెక్టు టీచర్లు చెబితే చదువు బాగుపడుతుందన్న ఆలోచనలో కొంత న్యాయం ఉన్నా, పదో తరగతికి త్రికోణమితి చెప్పి వచ్చిన స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు సబ్జెక్టు టీచరు) ఆ వెంటనే మూడో తరగతి పిల్లవాడికి పక్క అంకె నుంచి అప్పు తెచ్చుకుని చేసే తీసివేత నేర్పడం అనుకున్నంత తేలిక కాదు. ఎనిమిదేళ్ల పిల్లలతో మెలగడం ఒక ప్రత్యేకమైన విద్య. దానికే డీఎడ్ (ప్రాథమిక టీచర్ల శిక్షణ) పెట్టుకున్నాం.

అయితే ఈ రెండేళ్లలో పోస్టులు సర్దుబాటయ్యాయి, మిగులు తేలినవారు వేరే మండలాలకు వెళ్లారు. ఇవాళ జీవో కొట్టేస్తే పిల్లలు తిరిగొస్తారు, పంతులు రాడు. కనుక ముందు ఊరూరా ఎంతమంది పిల్లలు, ఎన్ని గదులు, ఎవరు ఎంత దూరం నడుస్తున్నారు అన్నది తేల్చి, వేసవి బదిలీలతో కలిపి మార్పు తేవాలి. హడావుడిగా చేసిన పనిని హడావుడిగా సరిదిద్దితే మళ్లీ దెబ్బతినేది ఆ మూడో తరగతివాడే.

సమాధానం 2: మూడో తరగతి పిల్ల తల్లి

నేను టీచరును కాను, క్షమించండి. మా పాప చదివే బడి మా వీధి చివరే ఉండేది. ఇప్పుడు హైస్కూలుకు వెళ్లాలంటే లారీలు తిరిగే రోడ్డు దాటాలి, అందుకని రోజూ నేనే దింపి, కూలికి ఆలస్యంగా వెళుతున్నాను. ఒకరోజు తరగతి గదిలోకి తొంగిచూస్తే పెద్దపిల్లల బెంచీ మీద కూర్చున్న పాపకు కాళ్లు నేలకు అందడం లేదు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని రాస్తోంది. అక్కడ ఇంగ్లీషు సారు బాగా చెబుతారని మాత్రం తనే అంటుంది, కాబట్టి అంతా చెడ్డదని నేను అనను. మళ్లీ పాత బడికే పంపమంటే మంచిదే, కాని అక్కడ ఒక్కరే టీచరు ఉండి ఐదు తరగతులు చూసేటట్టయితే నాకు అక్కర్లేదు.

సమాధానం 3: డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) అభ్యర్థి, అనంతపురం

పైన అమ్మగారు అన్న మాటలోనే నా సమాధానం ఉంది. బడికి ఒక్కరే టీచరు ఎందుకు మిగిలారంటే 2018 తర్వాత డీఎస్సీ పూర్తి కాలేదు గనుక. ఈ ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ప్రకటన వచ్చినా పరీక్ష దాకా రాలేదు. పైగా 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులకు బీఎడ్ (హైస్కూలు టీచర్ల శిక్షణ) అర్హత కాదని తేల్చిన తరువాత కూడా ఎస్జీటీకి బీఎడ్ వారిని అనుమతించడంతో విషయం హైకోర్టు మెట్లెక్కింది. జూన్ 13న ముఖ్యమంత్రి గారు మొదటి సంతకం 16,347 పోస్టుల దస్త్రం మీద పెట్టారు. అందులో ఎస్జీటీలు 6,371. సంతోషమే. కాని సంతకానికీ నియామక పత్రానికీ మధ్య టెట్ (టీచర్ల అర్హత పరీక్ష), నోటిఫికేషన్, రోస్టర్ (రిజర్వేషన్ల వరుస), కోర్టు కేసులు ఉంటాయని మాకు అనుభవం. మంత్రిగారు పరీక్ష తేదీతో పాటు ‘ఈ తేదీకి బడిలో చేరతారు’ అన్న మాట కూడా చెబితే, డీఎస్సీ కోచింగ్ కోసం అవనిగడ్డలో గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్న మా తమ్ముడిలాంటివాళ్లు ఇంకెన్ని నెలలు అద్దె కట్టాలో లెక్క వేసుకుంటారు.

సమాధానం 4: గణితం స్కూల్ అసిస్టెంట్

నాది ఇంకా తొందర విషయం. సీబీఎస్ఈ (కేంద్ర బోర్డు) గుర్తింపు ఇచ్చిన వెయ్యి ప్రభుత్వ బడుల్లో మాదొకటి. మొదటి బ్యాచ్ ఈ సంవత్సరమే పదో తరగతిలో ఉంది. ఆ బోర్డు ప్రశ్నల తీరు వేరు, మా పిల్లలకు ఆ తీరులో సాధన తక్కువ. కొనసాగిస్తారా, రాష్ట్ర బోర్డుకు తిప్పుతారా అన్నది ఏదో ఒకటి త్వరగా తేల్చాలి. దసరా దాటాక చెబితే ఎటు చెప్పినా నష్టమే.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. ఫోనులో ఎక్కించే ఫొటోల గోలే పెద్దదని రాయడం మొదలుపెట్టాను గాని, తోడుగా ఇంకొక టీచరు ఉంటే అది సగం తీరుతుందని ఇప్పుడు అనిపిస్తోంది. పెద్దలు చెప్పినట్టు ఊరివారీ లెక్క ముఖ్యం. మా ఊరి నుంచి హైస్కూలుకు నడుస్తున్న మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల పేర్లు, ఒక్కొక్కరి ఇంటి నుంచి దూరం ఒక కాగితం మీద రాసి, ఈ నెల స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల టీచర్ల) సమావేశంలో ఎంఈవో (మండల విద్యాధికారి) గారికి ఇస్తాను. అమ్మా, ఆ బెంచీ సంగతి కూడా అందులో రాస్తాను.