అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ క్లాజ్ ఉంది, పార్ట్‌నర్ కోర్టుకెక్కాడు, ఇప్పుడు నేనేం చెయ్యాలి?

సగం_వాటా:
అందరికీ నమస్తే. నేనూ ఇంకొకాయనా కలిసి కంపెనీ పెట్టి ఆరేళ్ళయింది, చెరి సగం. మొదట్లో రాసుకున్న షేర్‌హోల్డర్స్ అగ్రిమెంట్‌లో ఏ గొడవొచ్చినా ఆర్బిట్రేషన్‌లోనే, అంటే కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పుతోనే తేల్చుకోవాలని ఒక పేరా ఉంది, అప్పుడు ఎవరు చదివారు, సంతకాలు పెట్టేశాం. ఇప్పుడు నా షేర్లలో కొన్ని తన బావమరిదికి ట్రాన్స్‌ఫర్ అయినట్టు రిజిస్టర్‌లో ఎక్కించాడు, ఫారం మీద సంతకం నాదేనట, నేను పెట్టనేలేదు. పైగా నేనే లెక్కలు చూపించట్లేదని తనే ముందు కోర్టులో దావా వేశాడు, నిన్న సమన్లు అందాయి. మా లాయరేమో ముందు జవాబు ఫైల్ చేసేద్దాం, ఆర్బిట్రేషన్ సంగతి తర్వాత చూద్దాం అంటున్నారు. కోర్టా, ఆర్బిట్రేషనా, ఏది మంచిది? రెండు రోజులుగా నిద్ర లేదు.

పాతఫైలు:
ఆగండాగండి, ఆ జవాబు మాత్రం ఇప్పుడే వెయ్యకండి. ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్టాల కమిషన్ 1985లో ఒక మోడల్ లా తయారుచేసింది, చాలా దేశాల ఆర్బిట్రేషన్ చట్టాలు దాన్ని చూసి రాసుకున్నవే. దాని 8వ ఆర్టికల్ ప్రకారం ఈ గొడవ ఆర్బిట్రేషన్‌కి పంపండి అని కోర్టుని అడగాలంటే, అసలు విషయం మీద మీ మొదటి స్టేట్‌మెంట్ వేసేలోపే అడగాలి. మీరు లెక్కల మీద ఇంత పొడుగు జవాబు వేసి, ఆర్నెల్లయ్యాక "అయ్యా మాకు క్లాజ్ ఉంది" అంటే ఇన్నాళ్ళూ ఏం చేశావ్ అంటారు. మీ దగ్గర చట్టం కొంచెం తేడాగా ఉండొచ్చు, లాయర్ని సూటిగా ఈ ఒక్క ప్రశ్న అడగండి. తర్వాత చూద్దాం అన్నది వ్యూహమా లేక క్లాజ్ చదవలేదా అన్నది అప్పుడే తెలిసిపోతుంది.

అవార్డు_అందుకున్నోడు:
నేను సప్లై కాంట్రాక్ట్ గొడవలో ఆర్బిట్రేషన్‌కి వెళ్ళొచ్చాను, నా అనుభవం చెప్తా. త్వరగా అయిపోతుంది అంటారు గానీ ముగ్గురు ఆర్బిట్రేటర్లు ఉంటే ముగ్గురికీ ఒకే రోజు ఖాళీ దొరకడమే పెద్ద పని. జడ్జికి జీతం ప్రభుత్వం ఇస్తుంది, ఇక్కడ మాత్రం ఆర్బిట్రేటర్ ఫీజు, కూర్చునే హాలు అద్దె అన్నీ మన జేబులోంచే. నాకు గట్టిగా తగిలింది ఏంటంటే ఒక క్లాజ్‌ని వాళ్ళు తప్పుగా అర్థం చేసుకున్నారు, అవార్డులో, అంటే వాళ్ళిచ్చిన తీర్పులో, ఆ ఒక్క పాయింట్ పోయింది, అప్పీల్ చేద్దామంటే తప్పుగా చదవడం అనేది అవార్డు కొట్టేయడానికి కారణం కాదన్నారు. విచారణలో మన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకపోవడం, పరిధి దాటిపోవడం, ఇలాంటివైతేనే కోర్టు వింటుందట, అదీ మోడల్ లా ప్రకారం అవార్డు అందిన మూడు నెలల్లోపు. కోర్టులో ఓడితే పైకోర్టు అనే ఆశ ఒకటి ఉంటుంది కదా, ఇక్కడ అదీ లేదు. అలాగని తీసిపారెయ్యట్లేదు, మా గొడవ కస్టమర్ల చెవిన పడలేదు, అది చాలా పెద్ద విషయం. అవతలివాళ్ళ ఆస్తి వేరే దేశంలో ఉంటే కూడా ఇదే నయం, వేరే దేశపు అవార్డుల్ని అమలు చేస్తామని దేశాలు చేసుకున్న 1958 న్యూయార్క్ కన్వెన్షన్‌లో 170కి పైగా దేశాలున్నాయి, కోర్టు తీర్పు కంటే అవార్డు అక్కడ అమలు చేయించుకోవడం మామూలుగా తేలిక.

క్లాజ్_పిచ్చోడు:
అందరూ అసలు సంగతి వదిలేశారు, బావమరిది ఆ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాడా? పెట్టకపోతే అతన్ని ఆర్బిట్రేషన్‌కి లాగడం కష్టం, ఒప్పుకున్నవాళ్ళ మీదే దానికి అధికారం. షేర్ల రిజిస్టర్ సరిచేయమనడం కూడా చాలా చోట్ల కోర్టో ప్రత్యేక ట్రిబ్యునలో చేసే పని. అంటే పార్ట్‌నర్‌తో ఉన్న లెక్కల గొడవ ఒక దారిలో, షేర్ల యాజమాన్యం ఇంకో దారిలో నడిచే అవకాశం ఉంది. ఇంకోటి, ఫోర్జరీ అనగానే అవతలివాళ్ళు "అయితే అగ్రిమెంటే చెల్లదు, క్లాజూ చెల్లదు" అని వాదించొచ్చు, భయపడకండి, ఫోర్జరీ అయింది ట్రాన్స్‌ఫర్ ఫారం, అగ్రిమెంట్ కాదు. ఒకవేళ మిగతా అగ్రిమెంట్ చెల్లదని తేలినా ఆర్బిట్రేషన్ క్లాజ్‌ని విడి ఒప్పందంగానే చూస్తారు, తమకి ఆ గొడవ తేల్చే పరిధి ఉందో లేదో ముందు ఆర్బిట్రేటర్లే తేలుస్తారు.

సగం_వాటా:
బావమరిది సంతకం లేదండీ. అంటే రెండు చోట్లా కొట్లాడాలా? ఆ ఖర్చుకి కంపెనీ మిగలదు 🙁

పాతఫైలు:
ఎక్కడ కొట్లాడాలన్నది తర్వాత, ముందు ఆ షేర్లు అక్కడే ఆగాలి. బావమరిది వాటిని ఇంకెవరికైనా అమ్మేస్తే, కొన్నవాడు నాకేం తెలీదు అంటాడు, అప్పుడు మీరు గెలిచినా చేతికొచ్చేది ఏముంటుంది. ఇక షేర్లు చేతులు మారకుండా, బోర్డులో తీర్మానాలు చేసేయకుండా ఇంటరిమ్ ఆర్డర్, అంటే కేసు తేలేదాకా ఉండే తాత్కాలిక ఉత్తర్వు, అడగండి. దానికోసం కోర్టుకెళ్ళినంత మాత్రాన ఆర్బిట్రేషన్ హక్కు వదులుకున్నట్టు కాదు, మోడల్ లా 9వ ఆర్టికల్ ఆ మాటే చెప్తుంది. ఇంకా, షేర్లు అమ్మితే డబ్బు రావాలి కదా, ఫారంలో రాసిన మొత్తం మీ ఖాతాలో పడిందా? పడకపోతే చేతిరాత నిపుణుడి రిపోర్ట్ కంటే ముందు మీ బ్యాంక్ స్టేట్‌మెంటే మాట్లాడుతుంది. పాత మెయిళ్ళు, చాట్‌లు ఒక్కటీ డిలీట్ చెయ్యకండి, మీకు ఇబ్బందిగా ఉన్నవి కూడా.

ఊరికే_చూసేవాడు:
చెరి సగం పెట్టుకుని, మాట కుదరకపోతే ఏం చెయ్యాలో రాసుకోలేదా గురూ? ఒకరు రేటు చెప్పాలి, ఆ రేటుకి కొనాలో అమ్మాలో రెండోవాడు ఎంచుకోవాలి అనే క్లాజ్ పెట్టుకుంటారు కొందరు, రేటు చెప్పేవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెప్తాడు. సరే ఇప్పుడు అనుకుని లాభం లేదులే.

సగం_వాటా:
అప్‌డేట్: లాయర్ గారిని అడిగా, ఆయన నిజంగానే ఆ పేరా చూడలేదు. జవాబు ఆపి, ఆర్బిట్రేషన్‌కి పంపమని అప్లికేషన్ రాస్తున్నారు, షేర్లు ఆపమని వేరేగా ఇంకోటి. నా ఖాతాలో ఒక్క రూపాయి పడలేదు. ట్రాన్స్‌ఫర్ ఫారం ఒరిజినల్ అడిగితే జిరాక్స్ చేతిలో పెట్టి, ఒరిజినల్ ఎక్కడో కనబడట్లేదు అన్నాడు.

క్లాజ్_పిచ్చోడు:
ఆ కనబడట్లేదన్న మాట నోటితో కాదు, మెయిల్‌లో రప్పించండి. ఈరోజే.