రాతి గుంటల ఫోటోలకి మిర్రర్‌లెస్సా, వాటర్‌ప్రూఫ్ కాంపాక్టా?

ఋషికొండ_అల (ప్రశ్న)

విశాఖ తీరంలో ఆటు వేళ బయటపడే రాతి గుంటల్లో ఫోటోలు తీయడానికి ఒక కెమెరా కొనాలి. తెన్నేటి పార్కు కింద రాళ్లు, జోడుగుళ్లపాలెం, మంగమారిపేట వైపు. తీయాల్సినవి వేలిగోరంత సీ స్లగ్గులు (గుల్ల లేని సముద్రపు నత్తలు), ఏనిమోన్లు (పువ్వులా కనిపించే సముద్రజీవులు), సన్యాసి పీతలు, రాళ్లకి అతుక్కున్న నత్తలు. డిసెంబరులో అండమాన్ స్వరాజ్ ద్వీప్‌లో స్నార్కెలింగ్, ఒకటి రెండు డైవ్‌లు కూడా ఉన్నాయి. ఇంట్లో ఫంక్షన్లకి పనికొస్తే సంతోషమే, తప్పనిసరి కాదు.

చూస్తున్నవి రెండు: వాటర్‌ప్రూఫ్ కాంపాక్ట్ ఓఎం సిస్టమ్ టీజీ-7, లేదా కిట్ లెన్స్‌తో (కెమెరాతో పాటే వచ్చే లెన్స్) కెనాన్ ఆర్50, ఇది లెన్సులు మార్చుకోగలిగే మిర్రర్‌లెస్. రెండూ కొనే బడ్జెట్ లేదు. షాపులో అడిగితే "పెద్ద సెన్సర్ తీసుకోండి, ఆ చిన్నది ఫోన్‌తో సమానం" అంటున్నారు. నిజమేనా? ఆర్50ని నీళ్లకి కాస్త దూరంగా పట్టుకుని తీస్తే సరిపోదా?

ఉప్పుగాలి

షాపులో చెప్పింది సగమే నిజం. ఆ సగం లెక్క ముందు చూద్దాం.

టీజీ-7 సెన్సర్ సుమారు 6.2 × 4.6 మి.మీ., అంటే 28 చదరపు మి.మీ. ఆర్50ది 22.3 × 14.9, అంటే 332. దాదాపు 12 రెట్లు పెద్దది. కానీ వెలుతురు సెన్సర్ దాకా వచ్చేది లెన్స్ లోంచి. టీజీ వైడ్‌లో, అంటే జూమ్ చేయనప్పుడు, ఎఫ్/2 (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు). ఆర్50తో వచ్చే 18-45 కిట్ లెన్స్ వైడ్‌లో ఎఫ్/4.5. ఈ తేడా ఒక్కటే టీజీ వైపు 5 రెట్లు. 12ని 5తో భాగిస్తే మిగిలేది రెండున్నర రెట్లు కూడా కాదు, స్టాపు మీద కాస్త (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు). పూర్తిగా జూమ్ చేస్తే మాత్రం కథ మారుతుంది. అక్కడ టీజీ ఎఫ్/4.9కి పడిపోతుంది, కిట్ లెన్స్ ఎఫ్/6.3. తేడా 7 రెట్లకి, అంటే మూడు స్టాపుల దగ్గరకి పెరుగుతుంది. పెళ్లి మండపంలో రాత్రిపూట ఈ మూడు స్టాపులు బాగా కనిపిస్తాయి. ఎండలో, పొద్దున ఎనిమిదింటికి, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100లో కనిపించవు.

మీ పనిలో అసలు సమస్య వెలుతురు కాదు, దగ్గరతనం. ఆ కిట్ లెన్స్ ఆటోఫోకస్‌లో ఇచ్చే గరిష్ఠ మాగ్నిఫికేషన్ (సెన్సర్ మీద పడే బొమ్మ అసలు సైజులో ఎంతో) 0.16. అంటే ఎంత దగ్గరికి వెళ్లినా ఫ్రేములో 14 సెం.మీ. వెడల్పు పడుతుంది. సెంటీమీటరు పొడవున్న స్లగ్గు అందులో పద్నాలుగో వంతు. మాన్యువల్ ఫోకస్‌లో కొంత మెరుగే గానీ, అప్పటికి లెన్స్ ఉప్పునీళ్లకి దగ్గరగా, పైన వేలాడుతూ ఉంటుంది. టీజీ మైక్రోస్కోప్ మోడ్‌లో ముందు గాజుకి 1 సెం.మీ. దూరంలో ఉన్నదాన్ని ఫోకస్ చేస్తుంది, జూమ్ అంతా వాడుకుంటూనే. అదే స్లగ్గు ఫ్రేము నిండిపోతుంది.

ఇక "నీళ్లకి దూరంగా పట్టుకుని" అన్నారు. అక్కడ అడ్డొచ్చేది నీటి మీద ఆకాశం మెరుపు. పోలరైజర్ ఫిల్టర్ పెడితే పోతుందంటారు. పోతుంది, కానీ నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూస్తేనే. గుంటలోకి నిట్టనిలువునా వంగి చూస్తే పోలరైజర్ చేసేదేమీ ఉండదు, పైగా ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు తినేస్తుంది. రాతి గుంటల్లో తొంభై పాళ్లు తీసేది నిలువునానే. టీజీ అయితే ముందు గాజుని నీళ్లలో అంగుళం ముంచితే చాలు. మెరుపు లేదు, అలల వంకర లేదు. ముంచగానే గాజు మీద గాలి బుడగలు అంటుకుంటాయి, వేలితో తుడిచేయండి. లేకపోతే ప్రతి ఫోటోలో తెల్లటి గుండ్రాలే.

నీళ్లలో ముంచాక ఫ్రేము కొంచెం ఇరుకవుతుంది, 25 మి.మీ. వైడ్ సుమారు 33లా ప్రవర్తిస్తుంది. మాక్రోకి (చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీయడానికి) ఇది లాభమే.

మాక్రో_మావయ్య

పైన చెప్పిన లెక్కలు సరైనవే, కానీ కిట్ లెన్స్‌తో పోల్చి ఆర్50ని ఓడించడం కాస్త అన్యాయం. దానికి ఆర్ఎఫ్ 35 మి.మీ. ఎఫ్/1.8 మాక్రో తగిలిస్తే మాగ్నిఫికేషన్ 0.5కి వస్తుంది. ఫ్రేములో నాలుగున్నర సెం.మీ. వెడల్పు. నత్తలకి, పీతలకి ధారాళంగా సరిపోతుంది. వెనక మసకబారిన ఆ మెత్తదనం టీజీ ఎన్నటికీ ఇవ్వదు.

టీజీకి ఇంకో మెలిక ఉంది, బ్రోషర్లలో పెద్దగా కనిపించదు. ‘ఏ’ అనే అపర్చర్ మోడ్‌లో (అపర్చర్ అంటే లెన్స్ రంధ్రం సైజు) మూడు అపర్చర్లే ఉంటాయి: వైడ్‌లో ఎఫ్/2, ఎఫ్/2.8, ఎఫ్/8. ఆ ఎఫ్/8 నిజంగా రంధ్రం చిన్నది చేయడం కాదు, లోపల ఎన్‌డీ ఫిల్టర్ (నల్లద్దం లాంటిది) అడ్డుపడుతుంది. వెలుతురు తగ్గుతుంది, ఫోకస్ లోతు పెరగదు. "స్లగ్గు మొత్తం షార్ప్‌గా రావాలి" అని ఎఫ్/8 పెట్టేవాళ్లు షట్టర్ స్పీడు పోగొట్టుకుని కదిలిన ఫోటోతో ఇంటికొస్తారు. లోతు కావాలంటే ఫోకస్ స్టాకింగ్ వాడాలి. కెమెరానే వరసగా కొన్ని ఫోటోలు తీసి ఒకటి చేస్తుంది. నీళ్లు కదలకుండా, ప్రాణి కదలకుండా ఉంటేనే ఇది పని చేస్తుంది. అల తగిలే గుంటలో దండగ. షట్టర్ ప్రయారిటీ (షట్టర్ స్పీడు మనమే పెట్టుకునే మోడ్) గానీ పూర్తి మాన్యువల్ గానీ టీజీలో లేవు. ఐఎస్ఓ పెంచి షట్టర్‌ని పరోక్షంగా లాక్కోవాలి.

స్క్రీను కూడా తిరగదు, వ్యూఫైండర్ లేదు. మిట్ట ఎండలో రాయి మీద మోకాళ్లూని, తల నేలకి ఆనించి చూడాలి. ఆర్50 స్క్రీను పక్కకి తెరిచి తిప్పుకోవచ్చు.

ఇంత చెప్పినా ఆర్50లో ఒక పెద్ద లోపం: బాడీకి గానీ ఈ లెన్సులకి గానీ వాతావరణ రక్షణ సీళ్లు లేవు. సముద్రం దగ్గర అది చిన్న విషయం కాదు. మిర్రర్‌లెస్సే కావాలనుకుంటే ఓఎం-5 చూడండి, 12-45 ఎఫ్/4 ప్రో లెన్స్‌తో. ఆ బాడీకి దుమ్ము, నీటి రక్షణ చెప్పే ఐపీ53 రేటింగ్ ఉంది. అందులో 5 దుమ్ముకి, 3 పైనుంచి ఏటవాలుగా పడే తుంపరకి. ముంచడానికి కాదు, అల మీద పడితే హామీ లేదు. ఆ లెన్స్ వైడ్‌లో 12 సెం.మీ. దాకా ఫోకస్ అవుతుంది. ఫంక్షన్లు, వానాకాలం అరకు, తుంపర తగిలే రాళ్లు, ఈ మూడింటికీ కలిపి ఒకటే కెమెరా అంటే అది సరిపోతుంది. గుంటలో ముంచాలంటే మాత్రం చేయి కాల్చుకున్నట్టే.

ఉప్పుగాలి

మావయ్య గారి మాటకి పూర్తిగా ఒప్పుకుంటాను, ఒక్కటి తప్ప. 0.5 మాగ్నిఫికేషన్ రావాలంటే ఆ 35 మాక్రో సెన్సర్ నుంచి 17 సెం.మీ. దూరంలో ఉండాలి. బాడీ, లెన్స్ మందం తీసేస్తే గాజుకీ ప్రాణికీ మధ్య మిగిలేది నాలుగు వేళ్ల మేర కూడా ఉండదు. ప్రాణి నీటి అడుగున నాలుగు వేళ్ల లోతులో ఉంటే? అది మీకు అందదు.

ఓ_రింగు

ఏది కొన్నా పాడయ్యేది ఫోటో తీసేటప్పుడు కాదు, ముందూ తర్వాతా. అందుకని ఆ సంగతి రాస్తాను.

టీజీలో నీళ్లు వెళ్లే దారి దాదాపు ఎప్పుడూ బ్యాటరీ తలుపే. రబ్బరు సీలు మీద ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు చాలు. బ్యాటరీ, కార్డు ఇంట్లోనే మార్చుకుని తలుపు మూయండి. మూసే ముందు సీలునీ, అది ఆనే అంచునీ పోగులు రాలని గుడ్డతో తుడవండి. గొళ్లెం పడ్డాక రెండో లాక్ కూడా జరపాలి, రంగు గుర్తు కనిపిస్తుంటే పడనట్టే. ఒడ్డున తడి చేతుల్తో తెరవొద్దు. ఇసుక మీద కూర్చుని అసలే తెరవొద్దు.

ఎండలో రాయి మీద వేడెక్కిన కెమెరాని గభాలున చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి కుంచించుకుపోయి బలహీనమైన సీలు దగ్గర నీళ్లని లోపలికి లాగుతుంది. లాగకపోయినా లెన్స్ గాజు లోపలి వైపు మంచు పడుతుంది, గంట దాకా పోదు. తడిగుడ్డ కింద నీడలో ఉంచండి.

వాటర్‌ప్రూఫ్ 15 మీటర్లు అన్నది నిలకడగా ఉన్న నీటి ఒత్తిడికి. కెమెరా చేతిలో పట్టుకుని పడవ మీంచి దూకితే తగిలే దెబ్బ వేరు. 2.1 మీటర్ల నుంచి పడినా తట్టుకుంటుంది అన్నదీ నిజమే, కానీ గట్టిగా పడ్డాక వాటర్‌ప్రూఫ్ అలాగే ఉందన్న హామీ ఎవరూ ఇవ్వరు. పడిందంటే సీళ్లు చూపించాల్సిందే. పడకపోయినా ఏడాదికోసారి సీళ్లు మార్పించమని కంపెనీయే చెబుతుంది. మీ ఊళ్లో గానీ కొరియర్ పంపగలిగే చోట గానీ ఆ పని చేసే సర్వీస్ సెంటర్ ఉందో లేదో కొనే ముందే కనుక్కోండి. లోపలికి నీళ్లు వెళ్లిన కేసుల్లో వారంటీ మాట కూడా అప్పుడే అడగండి.

ఇంటికొచ్చాక: తలుపు గట్టిగా మూసి ఉండగానే, లెన్స్ చుట్టూ ఉండే ఊడే రింగు తీసేసి, బకెట్ మంచినీళ్లలో పది నిమిషాలు ఉంచండి. ఆ రింగు కింద ఇసుక కూరుకుపోతుంది, చాలామందికి అది ఊడుతుందనే తెలియదు. నీళ్లలో ఉండగానే బటన్లన్నీ ఓ పదిసార్లు నొక్కితే సందుల్లో ఉప్పు కరిగి బయటికొస్తుంది. ట్యాపు కింద ధారగా పట్టొద్దు. నీడలో ఆరబెట్టి, పూర్తిగా ఆరాకే తలుపు తెరవండి.

మిర్రర్‌లెస్ తీసుకుంటే: ఒడ్డున లెన్స్ మార్చొద్దు. పొడిగుడ్డతో తుడవొద్దు, ఎండిన ఉప్పు పలుకులు గాజుని గీస్తాయి. మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ముందు, పొడిదానితో తర్వాత. విశాఖ తేమకి లెన్సుల్లో ఫంగస్ పడుతుంది. మూత బిగిసే డబ్బాలో సిలికా జెల్, చిన్న హైగ్రోమీటర్ (తేమ కొలిచేది) పెట్టి తేమని 40-50 శాతం దగ్గర ఉంచండి. నారింజ రంగు జెల్ ఆకుపచ్చగా మారితే ఓవెన్‌లో 120 డిగ్రీల్లో వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల లెన్సుకి దుమ్ము తప్ప ఏమీ దక్కదు.

ఋషికొండ_అల

అందరికీ థాంక్సండీ. టీజీ వైపే మొగ్గుతున్నాను. నాలుగు సందేహాలు. వాడేసిన టీజీ-6 ఒకటి అమ్మకానికి ఉంది, టీజీ-7కి పెద్ద తేడా ఉందా? సీలు బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? డైవ్‌లో 15 మీటర్లు సరిపోతుందా? గోప్రో అయితే ఎలా ఉంటుంది?

ఓ_రింగు

టీజీ-6 2019ది, టీజీ-7 2023ది. సెన్సర్ పరిమాణం, 12 మెగాపిక్సెళ్లు, 25-100 లెన్స్, మైక్రోస్కోప్ మోడ్, బ్యాటరీ, అన్నీ అవే. కొత్తదానిలో చార్జింగ్‌కి యూఎస్‌బీ-సీ వచ్చింది. ఫోటోలో తేడా వెతకొద్దు.

సీలు పరీక్ష: బ్యాటరీ, కార్డు తీసేసి ఆ గూట్లో చిన్న టిష్యూ ముక్క పెట్టండి. తలుపు మూసి బకెట్ అడుగున అరగంట ముంచండి. మొదటి నిమిషంలో బుడగల వరస ఒకేచోట నుంచి వస్తుంటే అక్కడే లీకు. తీసి, బయటంతా తుడిచి ఆరబెట్టి తెరిచి చూడండి. టిష్యూ తడిస్తే బేరం వద్దు. తడవకపోతే రాతి గుంటలకి భయం లేదని అర్థం. 15 మీటర్ల ఒత్తిడికి ఆగుతుందని కాదు, అది బకెట్‌లో తెలియదు.

డైవ్ సంగతి: శిక్షణ లేనివాళ్లని తీసుకెళ్లే ట్రై డైవ్ 12 మీటర్లు దాటదు, కాబట్టి కొత్త టీజీ బాడీ అలాగే చాలు. ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌తో వెళ్తే పరిమితి 18, అక్కడ 15 దాటేస్తారు. దానికి పీటీ-059 హౌసింగ్ ఉంది, 45 మీటర్ల వరకు. టీజీ-6, టీజీ-7 రెండింటికీ పడుతుంది. వాడేసినది కొంటే నేనైతే హౌసింగ్ లేకుండా డైవ్‌కి తీసుకెళ్లమని చెప్పను. ఇంకోటి, ఈ కెమెరా నీళ్లలో తేలదు, మునుగుతుంది. స్నార్కెలింగ్‌కి తేలే స్ట్రాప్ తప్పనిసరి.

గోప్రో వీడియోకి బాగుంటుంది, హౌసింగ్ లేకుండా 10 మీటర్లు దిగుతుంది. కానీ దాని ఫోకస్ స్థిరం, జానెడు కంటే దగ్గరున్నవన్నీ మసక. మీ స్లగ్గుకి పనికిరాదు.

ఉప్పుగాలి

ఒక్కటి కలుపుతాను. రాతి గుంటల్లో ఫ్లాష్ ఆపేయండి, కదిలిన ఇసుక రేణువులన్నీ మంచు కురిసినట్టు వెలుగుతాయి. లైటు కావాలంటే ఎల్‌జీ-1 అనే రింగు దొరుకుతుంది, కెమెరా ముందున్న ఎల్ఈడీ వెలుగుని లెన్స్ చుట్టూ పరుస్తుంది. 1 సెం.మీ. దూరంలో మీ కెమెరా నీడే ప్రాణి మీద పడుతుంది కాబట్టి ఇది విలాసం కాదు. రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టిన డేటా అంతా దాచేది) తీయండి, డైవ్‌లో అయితే మరీను. ఐదు మీటర్లు దిగేసరికి ఎరుపు చాలా మటుకు పోతుంది, జేపెగ్‌లో అది వెనక్కి రాదు.

విశాఖలో పెద్ద పోటుకీ పెద్ద ఆటుకీ తేడా ఒకటిన్నర మీటరు దాకానే. మామూలు రోజుల్లో మంచి గుంటలు సరిగా బయటపడవు. అమావాస్య, పౌర్ణమి తర్వాతి ఒకటి రెండు రోజులు చూసుకోండి. టైడ్ టేబుల్లో ఆటు వేళకి గంట ముందు రాళ్ల మీదికి చేరి, నీళ్లు తిరగ్గానే వెనక్కి వచ్చేయండి. కళ్లు స్క్రీనులో ఉన్నప్పుడు వెనక అల కనిపించదు.