పీఎస్‌సీకి (ప్రైమరీ స్క్లీరోసింగ్ కొలాంజైటిస్ అనే లివర్ జబ్బు) పేగులతో సంబంధం ఏమిటి? తెలిసినవాళ్లు చెప్పండి

గుంటూరు_నాన్న:
మా అబ్బాయికి 24 ఏళ్లు. ఒళ్లంతా దురద, రక్తపరీక్షలో ఏఎల్‌పీ అనే లివర్ ఎంజైమ్ బాగా పెరిగింది. ఎంఆర్‌సీపీ (పైత్యరస గొట్టాల ఎంఆర్‌ఐ స్కాన్) చూసి పీఎస్‌సీ అన్నారు. పైత్యరసం వెళ్లే గొట్టాలు వాచి, మచ్చకట్టి, అక్కడక్కడ ఇరుకైపోయాయట. ఇప్పుడు కొలనోస్కోపీ చేయించమంటున్నారు. వాడికి విరేచనాలు లేవు, కడుపునొప్పీ లేదు. లివర్ జబ్బుకి పేగు పరీక్ష ఎందుకు? చాలా టెన్షన్‌గా ఉంది.

హైదరాబాద్_అక్క:
చేయించండి అన్నయ్యా. నాకూ కడుపులో ఏ ఇబ్బందీ లేదు, అయినా బయాప్సీలో అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బు) బయటపడింది. పాశ్చాత్య దేశాల్లో పీఎస్‌సీ ఉన్న పదిమందిలో దాదాపు ఏడుగురికి పేగువాపు ఉంటుందట. మన దగ్గర అంతకన్నా తక్కువే, కానీ లక్షణాలు లేకుండా దాగి ఉంటుంది. రెండూ ఉంటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు ఎక్కువ. అందుకే నాకు ఏటా చూస్తున్నారు.

డల్లాస్_తెలుగు:
పేగుల నుంచి రక్తం పోర్టల్ సిర గుండా నేరుగా లివర్‌కే వెళ్తుంది. పేగు గోడ దెబ్బతింటే బాక్టీరియా, వాటి విషపదార్థాలు అదే దారిలో వెళ్తాయి. 2019లో జపాన్‌లోని కేయో యూనివర్సిటీ వాళ్లు పీఎస్‌సీ రోగుల మలంలో దొరికిన క్లెబ్సియెల్లా బాక్టీరియా పేగు కణాల పొరకు రంధ్రాలు చేస్తుందని చూపించారు. ఎలుకల్లో లివర్ వాపు కూడా పెరిగింది. మనుషుల్లో మాత్రం బాక్టీరియా వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల బాక్టీరియా మారిందా అన్నది ఇంకా తేలలేదు. లివర్ చేసిన పైత్య ఆమ్లాలను పేగు బాక్టీరియా మార్చేస్తాయి, అవి మళ్లీ లివర్‌కే చేరతాయి. కాబట్టి ఇది రెండువైపులా నడిచే వ్యవహారం.

గుంటూరు_నాన్న:
అయితే ప్రోబయాటిక్ (మంచి బాక్టీరియా ఉండే) మాత్రలు మొదలుపెట్టమంటారా? మా బావగారేమో పసరు మందు పోయించమంటున్నారు.

నర్సమ్మ_బెజవాడ:
పసరు మాత్రం వద్దండీ, దయచేసి. అది తాగి లివర్ ఇంకా పాడైనవాళ్లను వార్డులో చూశాను. ప్రోబయాటిక్‌తో పీఎస్‌సీ తగ్గుతుందనడానికి రుజువు లేదు. ఇంట్లో పెరుగు తిననివ్వండి, చాలు. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ నోటి ద్వారా ఇస్తే కొందరికి ఏఎల్‌పీ తగ్గింది, కానీ అది ఇంకా పరిశోధనలోనే ఉంది, సొంతంగా కొని వాడేది కాదు. అన్నిటికన్నా ముఖ్యం: చలిజ్వరం, కామెర్లు, కుడివైపు డొక్కలో నొప్పి కలిసి వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. గొట్టాల్లో ఇన్‌ఫెక్షన్ అయి ఉండొచ్చు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

గుంటూరు_నాన్న:
థాంక్సమ్మా. కొలనోస్కోపీకి ఒప్పుకున్నాం. డాక్టర్ గారిని ఏం అడగాలి?

హైదరాబాద్_అక్క:
పేగు పైకి బాగున్నట్టు కనిపించినా అన్ని భాగాల నుంచీ బయాప్సీ ముక్కలు తీస్తారా అని అడగండి. నాది దొరికింది వాటిలోనే.