అప్‌డేట్: గాలి వీస్తే నిద్రపోని మా మామ్మ

2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తుఫాను తీరం దాటినప్పుడు మా మామ్మ రెండు రాత్రులు తలుపు దగ్గరే కూర్చుంది. ఇది వయసు వల్లా, 1977 దివిసీమ ఉప్పెన వల్లా అని అప్పుడు ఇక్కడ అడిగాను. పెద్దవాళ్లకి మామూలేనని కొందరు, మానసిక వైద్యుడికి చూపించమని కొందరు అన్నారు. రెండో మాట విన్నాను.

డాక్టరుగారు ముందు మతిమరుపు పరీక్షలు చేశారు. అవి బాగానే ఉన్నాయి. తర్వాత గంటసేపు మామ్మ చేత మాట్లాడించారు. ఉప్పెన వచ్చిన నవంబర్ 19న తాటిచెట్టును కావలించుకుని బతికిందని మాకు తెలుసు. మా నాన్న కంటే ముందు ఒక పాప ఉండేదని, నీళ్లలో చేతిలోంచి జారిపోయిందని మాత్రం ఆ రోజే తెలిసింది. నాన్నకి కూడా. "గాలి హోరు వింటే చెయ్యి ఖాళీ అయినట్టుంటది బాబూ" అంది.

దీన్ని పీటీఎస్‌డీ అంటారట, అంటే ఘోరమైన సంఘటన తర్వాత మనసులో మిగిలిపోయే గాయం. దశాబ్దాలు గడిచినా ఒక శబ్దంతో, ఒక తేదీతో తిరగబెట్టొచ్చు. కొద్ది మోతాదు మందు, వారానికోసారి మాట్లాడే చికిత్స మొదలుపెట్టారు. పూర్తిగా తగ్గలేదు, కానీ వాన రాత్రుల్లో ఇప్పుడు కాసేపైనా పడుకుంటోంది.

దయచేసి మీ ఇంట్లో ఉప్పెన చూసినవాళ్లని అడగండి. డాక్టరు అందుబాటులో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మొన్న నవంబర్ 19న మామ్మ, నాన్న కలిసి ఆ పాప పేరున దీపం పెట్టారు.