పికప్ బండి నల్ల ప్లాస్టిక్ తెల్లబోతే హీట్ గన్నా, నూనెనా, పెయింటా?

బంగారుపాళెం మామిడి తోట:
మా పికప్ ముందు బంపర్, చక్రాల పైన ఉండే నల్ల ప్లాస్టిక్ అంచులు బూడిద రంగుకు తిరిగాయి. ఇంజిన్‌కు ఏ జబ్బూ లేదు. తోతాపురి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు క్యూలో ఎండకు నిలబెట్టక తప్పదు, మిగతా రోజుల్లో తోటలోనూ నీడ లేదు. చిత్తూరులో ఒకాయన హీట్ గన్‌తో, అంటే వేడి గాలి ఊదే మిషన్‌తో, పది నిమిషాల్లో కొత్తదానిలా చేస్తానంటున్నాడు. మా ఊరి డ్రైవర్లు కొబ్బరి నూనె చాలంటారు. పెయింట్ కొట్టించమని మా బావ పట్టుబడుతున్నాడు. ఏది నిలుస్తుంది?

పీలేరు రోడ్డు డ్రైవర్:
హీట్ గన్ చేయించుకో అన్నా. నేను చేయించాను, వేడి తగలగానే కళ్ల ముందే నల్లగా మారింది. ప్లాస్టిక్ లోపల ఉన్న నూనె పైకి వస్తుందట. రంగు, పాలిష్ ఏమీ అక్కర్లేదు, ఖర్చూ తక్కువ.

ఆటోనగర్ పెయింట్ మేస్త్రీ:
నల్లగా మారేది నిజమే తమ్ముడూ, నూనె పైకి రావడం వల్ల మాత్రం కాదు. బంపర్ విప్పితే వెనకవైపు పీపీ, ఈపీడీఎం అనే అచ్చు అక్షరాలు చాలా బండ్లకు కనిపిస్తాయి. అంటే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌లో రబ్బరు కలిపిన సరుకు. నలుపు కోసం అందులో కార్బన్ బ్లాక్ పొడి కలుపుతారు. రంగు లోపలి దాకా ఉంటుంది, ఎక్కడికీ పోదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పైపొర ప్లాస్టిక్ తెగిపోయి, కంటికి ఆనని పగుళ్లు వస్తాయి. వెలుతురు ఆ పగుళ్లలో చెదిరిపోతుంది కాబట్టి మనకు తెల్లగా కనిపిస్తుంది. నీళ్లు చల్లితే నల్లబడి, ఆరగానే మళ్లీ తెల్లబడేది అందుకే.

హీట్ గన్ ఆ పైపొరను కరిగించి పగుళ్లను మూసేస్తుంది, అంతవరకే. ఎండను తట్టుకోవడానికి కంపెనీ కలిపిన మందు పైపొరలో ఖర్చయిపోయి ఉంటుంది, వేడి దాన్ని తిరిగి తేలేదు. అందుకే మళ్లీ తెల్లబడుతుంది. ఈ ప్లాస్టిక్ సుమారు 160 డిగ్రీలకు కరుగుతుంది. హీట్ గన్ గాలి 500 డిగ్రీలు కూడా దాటుతుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగితే గరుకు పోయి అక్కడ నున్నటి మచ్చ పడుతుంది, లేదా అంచు వంగిపోతుంది. ఆ మచ్చను ఏ పాలిష్ కూడా తీయలేదు. పక్కనున్న బాడీ పెయింట్, రబ్బరు బీడింగ్, వెనకనున్న వైర్లు కూడా ఆ వేడికి దెబ్బతింటాయి.

పలమనేరు పాల బండి:
పని చేసే బండికి ఇంత శ్రమ ఎందుకు సామీ? కంకర రోడ్డు మీద తిరిగే బంపర్‌కు మళ్లీ గీతలు పడతాయి. వారం వారం కడిగిన తర్వాత గుడ్డతో నూనె రాస్తే సరిపోతుంది. మరీ పాడైతే బంపర్ మార్చుకుంటాం.

ఆటోనగర్ పెయింట్ మేస్త్రీ:
మీరు కొబ్బరి నూనె రాసినా, షాపులో దొరికే సిలికాన్ పాలిష్ రాసినా నీళ్లు చేసే పనే చేస్తాయి, పగుళ్లలో నిండుతాయి. నీళ్ల కంటే ఎక్కువ రోజులు ఉంటాయి, అంతే తేడా. నూనెకు దుమ్ము పట్టుకుంటుంది, ఐప్పసి, కార్తీకాల (అక్టోబరు నుంచి డిసెంబరు దాకా) వానలకు కారిపోతుంది. చక్రాల దగ్గర కింది అంచులకు సిలికాన్ పాలిష్ చాలంటే ఒప్పుకుంటాను, అక్కడ రాళ్లు తగలక మానవు. వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్‌కు మాత్రం నూనె రాయకండి. వానలో అది అద్దం మీదికి పాకుతుంది, రాత్రిపూట ఎదురు బండి లైటు పడితే దారే కనిపించదు. కాలు పెట్టి ఎక్కే మెట్టుకు కూడా వద్దు, జారుతుంది. డీజిల్ అయితే అసలు తాకించకండి, రబ్బరును ఉబ్బిస్తుంది.

శ్రీసిటీ షిఫ్ట్ ఉద్యోగి:
నాది ఇసుజు డి-మ్యాక్స్ పికప్, మా శ్రీసిటీలోనే 2016 నుంచి తయారవుతున్న బండి. నేను ట్రిమ్ కోటింగ్, అంటే నల్ల ప్లాస్టిక్ మీద రాస్తే పొరలా ఆరిపోయే మందు, వేసుకున్నాను. సీసా చిన్నది, ధర పెద్దది. అయినా వానాకాలం దాటాక కూడా నలుపు ఉంది. ఫలితం అంతా కడగడంలోనే ఉందని నా నమ్మకం. మా వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, కడిగి ఆరబెడితే తెల్ల చారలు. నేను ముందు వాటినే ఎండ మచ్చలనుకున్నాను. వెనిగర్‌లో నీళ్లు కలిపి రుద్దితే సగం తెలుపు పోయింది. తర్వాత షాంపూ, మెత్తటి బ్రష్, చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా తుడవాలి. పాత నూనె మిగిలితే కోటింగ్ పట్టదు. నీడలో, ప్లాస్టిక్ చల్లగా ఉన్నప్పుడు రాయాలి, ఒక రోజు నీళ్లు తగలనీయకూడదు.

బంగారుపాళెం మామిడి తోట:
మరి పెయింట్ సంగతి ఏమిటి మేస్త్రీ? అదైతే శాశ్వతం కదా అని మా బావ.

ఆటోనగర్ పెయింట్ మేస్త్రీ:
ఈ జాతి ప్లాస్టిక్ మీద ఏదీ సులువుగా అంటుకోదు. అందుకే ఫ్యాక్టరీల్లో కూడా పెయింట్‌కు ముందు మంట తగిలించో, ప్రైమర్ కొట్టో సిద్ధం చేస్తారు. ప్లాస్టిక్ ప్రైమర్ లేకుండా డబ్బా స్ప్రే కొడితే పొరలు పొరలుగా లేస్తుంది. సరిగ్గా చేస్తే బాగుంటుంది, కాదనను, నా తిండి అదే. కానీ ఒకసారి కొడితే ఆ బంపర్‌కు ఇక జీవితాంతం పెయింటే. రాయి తగిలిన చోటల్లా బూడిద రంగు బయటపడుతుంది. నా సలహా కడిగి కోటింగ్ వేయమనే.

పీలేరు రోడ్డు డ్రైవర్:
మీరు చెప్పిన మచ్చలు నా బండికి పడలేదు మేస్త్రీ. ఓపికగా, దూరం పెట్టి చేస్తే హీట్ గన్ తప్పెలా అవుతుంది? కోటింగ్ కొనలేని వాళ్లున్నారు.

ఆటోనగర్ పెయింట్ మేస్త్రీ:
మిర్రర్ కవర్ లాంటి చిన్న ముక్కను ఊడదీసి, విడిగా పెట్టి చేసుకుంటే అడ్డు చెప్పను. పైన వెంటనే కోటింగ్ గానీ పాలిష్ గానీ వేయాలి, లేకపోతే వచ్చే ఎండాకాలానికి మళ్లీ అదే రంగు. బండి మీద ఉండగా బంపర్ కాల్చడం మాత్రం నా దగ్గర చేయను.

బంగారుపాళెం మామిడి తోట:
సరే మేస్త్రీ. చిత్తూరు ఆయనకు వద్దని చెప్పేస్తాను. ముందు వెనిగర్‌తో బంపర్ కడిగి చూస్తాను, మాదీ బోరు నీళ్లే. తెలుపు ఇంకా మిగిలితే కోటింగ్ సీసా తెచ్చుకుంటాను.