విరగదు, కానీ వంగుతుంది: దృఢత్వం విషయంలో మీ అనుభవాలు చెప్పండి

పుస్తకాలఅర:
రెండు చివర్లా మాత్రమే ఆనిన పుస్తకాల అర నడుమ బాగా కుంగింది. పొడవు 1.2 మీటర్లు, వెడల్పు 28 సెం.మీ., మందం 18 మి.మీ., పార్టికల్ బోర్డు. మీదున్న పుస్తకాలు 30 కిలోల దాకా ఉంటాయి. కొత్తలో ఇంత లేదు, ఇప్పుడు దారం లాగి చూస్తే నడుమ 3 సెం.మీ. తేడా కనిపిస్తోంది. పగుళ్లు మాత్రం ఎక్కడా లేవు. ఇంకా బలమైన పలక వేయించమని ఒకరు, కింద పట్టీ కొట్టించమని ఒకరు అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు? అరలనే కాదు, మీ పనిలో ఏది వంగి విసిగించినా ఇక్కడే రాయండి, అందరికీ పనికొస్తుంది.

బీమ్‌లెక్క:
పగల్లేదు, విరగలేదు అంటే బలానికి లోటు లేదండీ. లోటల్లా దృఢత్వానికే. ఎంత బరువుకు విరుగుతుంది అన్నది బలం. ఒక బరువు పెడితే ఎంత వంగుతుంది అన్నది దృఢత్వం. ఈ రెండూ కలిపేసుకుని డబ్బు తగలేసేవాళ్లు చాలామంది.

మీ కొలతలతోనే లెక్క వేశాను. పార్టికల్ బోర్డు యంగ్ గుణకం (పదార్థం వంపుకు, సాగుకు ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే అంకె, గిగాపాస్కల్స్ దాని కొలమానం) సుమారు 2.5 గిగాపాస్కల్స్ అనుకుంటే, మొదటిరోజే నడుమ 2 సెం.మీ. దాకా కుంగాలి. మిగతాది క్రీప్, అంటే బరువు పెరగకపోయినా నెలల తరబడి మెల్లగా సాగిపోవడం. చెక్కపొట్టు, జిగురు కలిపి చేసిన పలకల్లో ఇది బాగా ఎక్కువ.

ఇక మార్గాలు. అసలు చెక్క పలక వేస్తే గుణకం 10 దాకా ఉంటుంది కాబట్టి వంపు నాలుగో వంతుకు వస్తుంది. ఉన్న పలకకే నడుమ ఒక ఆధారం ఇస్తే వంపు పదహారో వంతుకు, ఇంకా తక్కువకే పడిపోతుంది, ఎందుకంటే ఇలా పరుచుకున్న బరువుకు వంపు పొడవు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఆధారం పెట్టే వీలు లేకపోతే 20×40 మి.మీ. చెక్క పట్టీ ఒకటి ముందు అంచు కింద, 40 నిలువుగా ఉండేలా, జిగురు రాసి స్క్రూలతో బిగించండి. ఆ ఒక్క పట్టీ దృఢత్వమే మీ మొత్తం పలకకు మూడు రెట్లు. నమ్మబుద్ధి కాదు గానీ లెక్క అదే. వెనక అంచుకూ ఒకటి వేయండి, లేకపోతే అర వెనక్కి ఒరుగుతుంది.

పుస్తకాలఅర:
అదే పట్టీని అడ్డంగా పరిచి కొడితే? కింద అరలో పొడవైన పుస్తకాలకు చోటు మిగులుతుందని అడుగుతున్నా.

బీమ్‌లెక్క:
నిలువుగా పెట్టినదానిలో నాలుగో వంతే పనిచేస్తుంది. చెక్క అదే, బరువూ అదే. వంపు విషయంలో వెడల్పు రెట్టింపైతే దృఢత్వం రెట్టింపే, ఎత్తు రెట్టింపైతే ఎనిమిది రెట్లు. ఎత్తుకు ఘనం పడుతుంది. స్టీలు స్కేలును పడుకోబెట్టి వంచి చూడండి, తర్వాత నిలబెట్టి వంచండి. లెక్కతో పనిలేకుండా వేళ్లకే తెలిసిపోతుంది.

లేత్‌మనిషి:
బలం, దృఢత్వం కలిపేసుకోవడం గురించి నాదీ ఒకటి. నేను పనిచేసిన చోట ఒక పొడవాటి షాఫ్ట్ నడుమ ఊగుతోందని పై నుంచి ఆర్డరొచ్చింది: అల్లాయ్ స్టీలుతో చేయించి హార్డెనింగ్ (వేడిచేసి చల్లార్చి గట్టిపరచడం) చేయించండి అని. చేయించాం. ధర పెరిగింది, ఊపు వీసమెత్తు తగ్గలేదు. తగ్గదు కూడా. మామూలు మైల్డ్ స్టీలైనా, స్ప్రింగ్ స్టీలైనా, నీళ్లలో ముంచి గట్టిపరిచినదైనా యంగ్ గుణకం 200 గిగాపాస్కల్స్ చుట్టుపక్కలే. గుణకం పరమాణువుల మధ్య బంధాల నుంచి వస్తుంది. హీట్ ట్రీట్‌మెంట్ వాటి జోలికి పెద్దగా పోదు. అది మార్చేది ఎంత దూరం వంచితే శాశ్వతంగా వంగిపోతుందన్న హద్దును.

చివరికి వ్యాసం 40 నుంచి 50 మి.మీ.కి పెంచాం, అదీ మామూలు స్టీలుతో. గుండ్రటి కడ్డీకి వ్యాసం నాలుగో ఘాతం కాబట్టి దృఢత్వం దాదాపు 2.4 రెట్లయింది. సమస్య పోయింది.

సందేహంరాయుడు:
ఇది ఒప్పుకోలేను అన్నా. కట్టుడు తీగ చేత్తో వంచేస్తాం, అదే మందం స్ప్రింగ్ తీగ వంచి చూడు, వంగి చస్తుందా? రెండూ స్టీలే. స్ప్రింగ్ తీగే ఎక్కువ దృఢం అని చిన్నపిల్లాడైనా చెప్తాడు.

లేత్‌మనిషి:
చేసి చూపిస్తే ఒప్పుకుంటావా? ఒకే వ్యాసం, ఒకే పొడవు ఉన్న రెండు తీగలు తీసుకో. కట్టుడు తీగను ముందు తిన్నగా సాపు చెయ్యి. రెండింటినీ ఒకే చివర వైస్‌లో పక్కపక్కనే బిగించి, బయట చివరలకు చెరో చిన్న నట్ తగిలించు. రెండూ ఒకే మట్టానికి వాలతాయి. నట్ తీసేస్తే రెండూ పైకి లేస్తాయి. ఇప్పుడు ఒక్కో నట్ పెంచుకుంటూ పో. ఒక దగ్గర కట్టుడు తీగ ఒక్కసారిగా జారినట్టు ఎక్కువ వాలిపోతుంది, బరువు తీసేసినా లేవదు. స్ప్రింగ్ తీగ మాత్రం అదే లెక్కన వాలుతూ, తీస్తే మళ్లీ లేస్తూనే ఉంటుంది. నీ చేతికి తెలిసే తేడా అంతా ఆ హద్దు దాటాక వచ్చేదే.

సందేహంరాయుడు:
చేశా. నాలుగు నట్ల దాకా రెండూ సమానంగానే వాలాయి. సరే. ఒప్పుకుంటున్నా, కానీ మనసు ఒప్పుకోవట్లేదు 🙂

రెండుచక్రాలు:
పట్టికలో చూస్తే స్టీలు 200, టైటానియం 110, అల్యూమినియం 70. అంటే అల్యూమినియం సైకిల్ ఫ్రేమ్ స్టీలుకంటే మూడు రెట్లు మెత్తగా ఉండాలి. నా అనుభవంలో అది తిరగబడింది. పాత సన్నగొట్టాల స్టీలు ఫ్రేమ్ పెడల్ గట్టిగా తొక్కితే కింద పక్కకు కదిలేది, అల్యూమినియం ఫ్రేమ్ అసలు కదలదు. కారణం గొట్టం లావు. గోడ పలచగా చేసి వ్యాసం రెట్టింపు చేస్తే అంతే బరువులో వంపు దృఢత్వం నాలుగు రెట్లవుతుంది. సాంద్రత తక్కువ కాబట్టి అల్యూమినియంకు ఆ వెసులుబాటు ఉంది. స్టీలునూ అంత లావు చేయొచ్చుగా అంటారేమో, అప్పుడు గోడ మరీ పలచనై చిన్న దెబ్బకే సొట్టలు పడుతుంది.

తమాషా ఏంటంటే గుణకాన్ని సాంద్రతతో భాగిస్తే స్టీలు, అల్యూమినియం, టైటానియం, మెగ్నీషియం నాలుగూ దాదాపు ఒకే చోటికి వస్తాయి. నారల దిశలో తీసుకుంటే చెక్క కూడా వాటికి దరిదాపుల్లోనే ఉంటుంది. సైకిళ్లకు మామూలుగా వాడేవాటిలో ఈ గుంపు నుంచి గట్టిగా బయటపడింది కార్బన్ ఫైబరే, అదీ నార పరిచిన దిశలోనే.

పొరపొర:
త్రీడీ ప్రింటింగ్ వైపు నుంచి. ప్రింటింగ్‌కు వాడే ప్లాస్టిక్‌లు పీఎల్ఏ, ఏబీఎస్, పీఈటీజీల్లాంటివి. కొత్తవాళ్లందరికీ ఒక భ్రమ: పీఎల్ఏ నాసిరకం, ఏబీఎస్ గట్టిది అని. దృఢత్వంలో పీఎల్ఏనే పైన, సుమారు 3.5 గిగాపాస్కల్స్. ఏబీఎస్, పీఈటీజీ 2 దగ్గర. పీఎల్ఏ టక్కున విరుగుతుంది, ఏబీఎస్ వంగి దెబ్బ తట్టుకుంటుంది, అందుకని అలా అనిపిస్తుంది. అయితే వేడి దగ్గర పీఎల్ఏ పరువు పోతుంది. 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద నేను పెట్టిన ఫోన్ స్టాండు సాయంత్రానికి నమస్కారం పెట్టి ఉంది.

బ్రాకెట్ వంగుతోందని లోపలి ఇన్‌ఫిల్ (వస్తువు లోపల నింపే జాలీ) 20 నుంచి 60 శాతానికి పెంచేవాళ్లకు ఒక మాట. ముందు బయటి గోడలు రెండు పొరలు పెంచి చూడండి. వంపులో నడిమి భాగం పెద్దగా పని చేయదు, అంచుల్లో ఉన్న పదార్థమే మోస్తుంది.

లేత్‌మనిషి:
గుణకమే కావాల్సి వచ్చిన సందర్భం కూడా చెప్పాలి, లేకపోతే అంతా ఆకారమే అనుకుంటారు. రంధ్రం లోపల కోసే బోరింగ్ బార్ లావు పెంచలేం, రంధ్రమే హద్దు. స్టీలు బార్ వ్యాసానికి 4 రెట్ల దాకా బయటికి ఉంటే కోత నున్నగా వస్తుంది. ఇంకా లాగితే చాటర్, అంటే బార్ అదరడం, మొదలు. ఆ కీచుమనే శబ్దం, లోపలి గోడ మీద అలలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కార్బైడ్ బార్‌తో 6 రెట్ల దాకా వెళ్తాం. 4 నుంచి 6కి పోతే పొడవు ఒకటిన్నర రెట్లు. అరలా పరుచుకున్న బరువు కాదు, ఇక్కడ బలం చివర ఒక్కచోటే పడుతుంది కాబట్టి వంపు పొడవు ఘనంతో పెరుగుతుంది, అంటే 3.4 రెట్లు. కార్బైడ్ గుణకం స్టీలుకు దాదాపు 3 రెట్లు. షాపులో అందరూ కంఠతా పట్టిన ఆ 4, 6 అంకెల వెనక ఈ లెక్క ఉంది. కార్బైడ్ పెళుసు, కింద పడితే రెండు ముక్కలు, అది వేరే టెన్షన్.

ఎముకలక్లాసు:
దృఢత్వం ఎక్కువైతే మంచిదే అన్న ధోరణి కనిపిస్తోంది, అందుకే ఇది రాస్తున్నా. ఎముక గట్టి పొర గుణకం 17 నుంచి 20 గిగాపాస్కల్స్. తుంటి మార్పిడిలో తొడ ఎముకలో దించే కాడ టైటానియం మిశ్రమమైతే 110, కోబాల్ట్ క్రోమియం అయితే 200 పైమాటే. పక్కపక్కన ఉన్న రెండింటిలో ఏది దృఢమైతే అదే బరువు ఎక్కువ మోస్తుంది. బరువు పడని ఎముక పలచబడుతుంది, శరీరం అక్కర్లేనిదాన్ని పోషించదు. టైటానియం వైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణం.

ప్యాడ్‌మేస్త్రి:
అన్ని దిశల్లో ఒకే దృఢత్వం కావాలని కూడా ఏం లేదు. వంతెనల స్తంభాల మీద దూలాల కింద నల్లటి రబ్బరు దిమ్మలు ఉంటాయి, చూసే ఉంటారు. లోపల పలచటి రబ్బరు పొరలు, మధ్యమధ్య స్టీలు రేకులు అంటించి ఉంటాయి. రబ్బరు ఘనపరిమాణం నొక్కితే దాదాపు తగ్గదు. నొక్కినప్పుడు పక్కలకు ఉబికి తప్పించుకుంటుంది, అందుకే మెత్తగా అనిపిస్తుంది. ఆ ఉబకడాన్ని రేకులు పట్టి ఆపేస్తాయి. దాంతో నిలువు దిశలో దిమ్మ బాగా బిగుసుకుంటుంది. అడ్డంగా జరిగేటప్పుడు రేకులు రబ్బరుకు అడ్డం రావు, కాబట్టి ఆ దిశలో మెత్తదనం అలాగే ఉంటుంది. భూకంపాల నుంచి కాపాడేందుకు భవనాల కింద పెట్టే రకంలో నిలువు దృఢత్వం అడ్డందానికి వందల రెట్లు ఉంటుంది. ఎండకు దూలం సాగితే దిమ్మ పక్కకు వాలుతుంది, బరువు మాత్రం మోస్తూనే ఉంటుంది.

ఇంకోటి, రబ్బరు మిగతావాటికి ఎదురు. లోహాలు వేడెక్కితే మెత్తబడతాయి. రబ్బరు బ్యాండుకు బరువు వేలాడదీసి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయండి, బరువు కొద్దిగా పైకి లేస్తుంది.

పుస్తకాలఅర:
పట్టీలు నిలువుగా, ముందూ వెనకా వేయిస్తున్నా. పలకను మార్చకుండా తిరగేసి బిగిస్తే వంపు సరిపోతుందా?

బీమ్‌లెక్క:
తిరగేయండి. కానీ పట్టీలు కొట్టేముందు బరువు పెట్టి తిన్నగా అయ్యేదాకా కొన్నాళ్లు ఆగండి. పైకి ఉబ్బి ఉండగానే జిగురు పెట్టి బిగిస్తే ఆ ఉబ్బు అలాగే ఉండిపోతుంది.

సందేహంరాయుడు:
ఆఖరిది. స్ప్రింగును సగానికి కోస్తే మెత్తబడుతుందా, బిగుస్తుందా? పదార్థం అదే, తీగ మందం అదే కదా.

లేత్‌మనిషి:
రెట్టింపు బిగుస్తుంది. అదే బరువుకు ఒక్కో చుట్టు సాగేది ఎప్పటిలాగే, సాగే చుట్లు సగం. చేసి చూడు, ఈసారి నట్లు ఎక్కువ కావాలి.