పోలియో ఉన్న తమ్ముడికి యాక్సిడెంట్‌లో చెయ్యి పాడైంది, ముందు ముందు పోయే సంపాదన ఎలా లెక్క కడతారు?

ఆటోనగర్ అక్క:
మా తమ్ముడికి 32 ఏళ్లు, చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది, అయినా విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మెషీన్ మీద కూర్చుని టర్నర్ పని చేసి నెలకి 18 వేలు తెచ్చేవాడు. పోయినేడాది లారీ రాంగ్ రూట్‌లో వచ్చి గుద్దేసింది, కుడి చేతికి మూడు వేళ్లు తీసేశారు, మిగతా రెండూ వంగట్లేదు. మెడికల్ బోర్డు 45 శాతం అని రాసిచ్చింది. ఇన్సూరెన్స్ వకీలేమో ఇతను ముందే వికలాంగుడు, సదరం సర్టిఫికెట్ పెట్టి పింఛను తీసుకుంటున్నాడు, కొత్తగా పోయింది కొంచెమే అంటున్నాడు. అది విని వాడు ఆ రోజు అన్నం ముట్టలేదు. చేతుల మీదే బతికినోడికి చెయ్యి పోతే కొంచెం ఎలా అవుతుందండీ?

బ్రాడీపేట వకీలు:
అమ్మా, డాక్టర్ రాసే శాతం శరీరానిది, ట్రిబ్యునల్ (యాక్సిడెంట్ పరిహారం తేల్చే కోర్టు) తేల్చాల్సింది సంపాదన ఎంత పోయిందనేది, రెండూ ఒకటి కాదు. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, ఎడమ చెయ్యి పోతే డ్రైవర్‌కో వడ్రంగికో దాదాపు నూరు శాతం నష్టం, అదే గవర్నమెంట్ గుమాస్తాకైతే ఉద్యోగం పోకపోవచ్చు అని.
లెక్క చూడండి. ఏడాదికి 2,16,000. 40 ఏళ్ల లోపు, పర్మనెంట్ ఉద్యోగం కాదు కాబట్టి ముందు పెరగబోయే ఆదాయం కింద 40 శాతం కలిపితే 3,02,400. 31 నుంచి 35 ఏళ్ల వాళ్లకి మల్టిప్లయర్, అంటే వయసుని బట్టి ఏడాది ఆదాయాన్ని హెచ్చించే అంకె, 16, అలా 48,38,400. మనిషి బతికే ఉన్నాడు కాబట్టి చనిపోయిన కేసుల్లోలా సొంత ఖర్చుల కింద కోత ఉండదు. ఇందులో 45 శాతమే తీసుకుంటే 21,77,280 వస్తుంది, సంపాదన నష్టం ఉదాహరణకి 80 శాతం అని తీసుకుంటే 38,70,720. గొడవంతా ఆ శాతం దగ్గరే.
సదరం కాగితం చూసి భయపడొద్దు, నిజానికి అది మీ సాక్ష్యం. ఆ కాలుతోనే 18 వేలు సంపాదించాడు, అంటే కాలు వల్ల తగ్గాల్సింది ఆ జీతంలో ముందే తగ్గిపోయింది, మళ్లీ కొయ్యడానికి ఏముంది? పైగా నిలబడి చేసే పనికి ముందే పోలేడు, ఇప్పుడు కూర్చుని చేసే పనీ పోయింది.

మిర్చి యార్డు బావమరిది:
అక్కా ఒక్కటి చెప్తా. మా బావ గుంటూరు యార్డులో హమాలీ, నడుం దెబ్బ తిని టిక్కీ (మిర్చి బస్తా) ఎత్తలేని పరిస్థితి, మేం సర్టిఫికెట్ పెట్టి ఊరుకున్నాం, డాక్టర్ని కోర్టుకి పిలిపించలేదు, శాతం బాగా తగ్గించేశారు. మీరు ఆ తప్పు చెయ్యొద్దు.

బ్రాడీపేట వకీలు:
కరెక్ట్. ఆ 45 చెయ్యి వరకేనా మొత్తం శరీరానికా అన్నది డాక్టర్ నోటితోనే చెప్పించండి, టర్నర్ పని చెయ్యగలడా అనీ అడిగించండి. 2020లో పప్పూ దేవ్ యాదవ్ కేసులో కుడి చెయ్యి పోయిన డేటా ఎంట్రీ కుర్రాడికి సంపాదన నష్టం హైకోర్టు 45 శాతం వేస్తే సుప్రీంకోర్టు 65 చేసింది, పెరగబోయే ఆదాయం గాయాల కేసుల్లో కూడా కలపాలంది. మీ వకీలుకి ఆ తీర్పు చూపించండి.

ఆటోనగర్ అక్క:
షెడ్డు ఓనర్ గారు వచ్చి చెప్తానన్నారు, జీతాలు రాసిన పుస్తకం కూడా ఉందంట. డాక్టర్‌కి సమన్లు వెయ్యమని రేపే మా వకీలుకి చెప్తాను.